రెండో వాక్యం

పసిపిల్లల వార్డులో ఆమెని అందరూ గీతల మేడమ్ అనేవాళ్లు. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉండేది, అక్కడే ఉండిపోయింది. వార్డు చివర, మందుల బీరువా గదిని ఆనుకుని, ఒక మంచం, ఒక చేతుల కుర్చీ, ఒక యంత్రం పట్టేంత చోటు ఆమెది. పదమూడేళ్లుగా ఆమె చేసే పని ఒక్కటే. పుట్టి కొద్ది రోజులైన పిల్లలు పాలెలా తాగుతారో కొలవడం.

ఏదైనా పెళ్లిలో కనబడి ఏం చేస్తున్నావమ్మా అని అడిగిన వాళ్లకి ఆమె ఇదే చెప్పేది. వాళ్లు ఒక్క క్షణం ఆలోచించి, "తాగుతారుగా, అందులో కొలిచేదేముంది?" అనేవాళ్లు. మేనమామ ఒకాయన అయితే, "అందరి చదువూ గంగపాలవుతుంది, నీది మాత్రం పాలపాలైందే" అని నలుగురిలో అని, తన జోకుకి తనే చాలాసేపు నవ్వాడు.

కొలిచేది చాలా ఉంది. బిడ్డ సీసా పీకని గానీ రొమ్ముని గానీ నోట పట్టుకున్నాక ఆరేడు గుక్కలు గబగబా చీకుతుంది. తర్వాత ఆగుతుంది. నాలుగు సెకన్లో, పదో, పదిహేనో ఉలకదు పలకదు. మళ్లీ మొదలుపెడుతుంది. దూడలూ మేకపిల్లలూ ఇలా మధ్యమధ్యలో ఆగవని, కడుపు నిండేదాకా ఒకటే ధ్యాసగా తాగుతాయని ఆమె చదువుకున్న పుస్తకాల్లో ఉంది. మరి మనిషి బిడ్డ ఎందుకు ఆగుతుంది? ఆగినప్పుడల్లా తల్లి ఏం చేస్తుంది? చాలామంది తల్లులు తమకి తెలియకుండానే బిడ్డని కొంచెం కుదుపుతారు. ఎందుకు కుదిపారని అడిగితే, "నేనా? కుదిపానా?" అంటారు.

ఆమె దగ్గర సీసా పీకలోకి వెళ్లే ఒక సన్నని గొట్టం ఉంది. బిడ్డ చీకినప్పుడు లోపల గాలి ఎంత లాగుతుందో ఆ గొట్టం యంత్రానికి చెబుతుంది. యంత్రం ముల్లు కదిలే కాగితం మీద గీత గీస్తుంది. ఒక్కో గుక్కకి ఒక్కో శిఖరం. ఆగితే గీత చదును. తల్లి కుదిపినప్పుడు మేడమ్ పక్కనే కూర్చుని ఒక బొత్తాం నొక్కేది. గీత కింద చుక్క పడేది.

పదేళ్ల కిందట, అరవై ఇద్దరు తల్లుల దగ్గర తీసిన గీతలన్నీ కలిపి చూసి ఆమె ఒక సంగతి తేల్చింది. బిడ్డ ఆగినప్పుడు తల్లి కుదిపితే, కుదపని వాళ్లకంటే తొందరగా బిడ్డ మళ్లీ తాగడం మొదలుపెడుతుంది. అది పత్రికలో అచ్చయింది. అప్పటి పెద్ద డాక్టరు సంతోషపడి, వార్డులో పెట్టడానికి రెండు ముక్కల్లో రాసిమ్మన్నాడు. ఆమె సరిగ్గా రెండు వాక్యాలు రాసింది.

"పాప తాగడం ఆపితే మెల్లగా కుదపండి. మళ్లీ మొదలుపెట్టేదాకా కుదపడం ఆపకండి."

పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి, ప్లాస్టిక్ తొడిగి, పాలు పట్టే కుర్చీలకి ఎదురుగా గోడకి అంటించారు. అది చూసి ఇంకో మూడు ఆసుపత్రుల వాళ్లు అడిగి పట్టుకెళ్లారు.

ఆ ఏడాది వానలు మొదలైన వారంలో వార్డులోకి ఒక తల్లి వచ్చింది. బేకరీలో పిండి కలిపే పని ఆమెది. నర్సులు ఆమెకి వెంటనే బేకరీ అమ్మాయి అని పేరు పెట్టేశారు. ఏడు వారాల ముందే కాన్పు అయిపోయింది. ఆడపిల్ల. బరువెంత అని పక్క మంచం ఆవిడ అడిగితే, "రెండు రొట్టెలంత" అంది బేకరీ అమ్మాయి. నవ్వుతూ అనలేదు. నిజంగానే ఆమెకి ఆ కొలతే చేతికి తెలుసు.

రెండు వారాలు పాపకి ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోశారు. తర్వాత తల్లి పాలే పిండి సీసాలో పోసి, నోటితో తాగించడం మొదలుపెట్టారు. ఇప్పుడున్న పెద్ద డాక్టరు మేడమ్‌ని పిలిచి, "ఈ పాప ఎంత తాగుతుందో, ఎలా తాగుతుందో గీతలు తియ్యండి. చూసి గొట్టం ఎప్పుడు తియ్యాలో ఆలోచిద్దాం" అన్నాడు.

మొదటి మూడు రోజులూ గీతలు చూడటానికే నీరసంగా ఉన్నాయి. నాలుగు గుక్కలు, తర్వాత బల్లపరుపు గీత. బేకరీ అమ్మాయి గోడ మీద కాగితం చూస్తూ బిడ్డని కుదుపుతూ ఉండేది. పది సెకన్లు, ఇరవై, ముప్ఫై. పాప కళ్లు మూసుకునేది. మొహం పక్కకి తిప్పేది. నోట్లో ఉన్న పాలు పెదవి చివర నుంచి జారిపోయేవి. అరగంట తర్వాత చూస్తే సీసాలో ముప్పాతిక అలాగే ఉండేది. మిగిలింది మళ్లీ గొట్టంలోంచే.

"నాకు చేతకావట్లేదు మేడమ్" అంది బేకరీ అమ్మాయి మూడో రోజు.

"చేతకాకపోవడం కాదమ్మా. తొందరపడి పుట్టింది కదా, అలవాటు కావాలి. నువ్వు కుదపడం మాత్రం ఆపకు" అంది మేడమ్.

నాలుగో రోజు మధ్యాహ్నం రెండు గంటల పాలకి బేకరీ అమ్మాయి కుడి మణికట్టు వాచిపోయి ఉంది. కాన్పప్పుడు సెలైన్ సూది గుచ్చిన చోటు, మూడు రోజుల కుదుపుకి మళ్లీ తిరగబెట్టింది. పాప ఐదు గుక్కలు తాగి ఆగింది. తల్లి రెండుసార్లు కుదిపింది. చెయ్యి ఒళ్లో పడిపోయింది.

"రావట్లేదు మేడమ్. ఒక్క నిమిషం ఉండండి."

మేడమ్ ఏదో చెప్పబోయింది. ఆపకూడదమ్మా అనే చెప్పబోయిందని తర్వాత ఆమే ఒప్పుకుంది. మాట పెదవి దాటేలోగా ముల్లు కదిలింది. ఒకటి, రెండు, మూడు. ఏడు గుక్కలు. పాప ఆగింది. తల్లి చెయ్యి ఒకసారి ఆడించి మళ్లీ పడేసుకుంది. మళ్లీ ఆరు.

బయట కారిడార్లో ఎవరో తుడిచే బకెట్ ఈడ్చుకుంటూ పోతున్నారు. ఇరవై ఐదు నిమిషాలకి సీసా సగమైంది. సగమే. కానీ ఆ పాప అంతకుముందు ఎప్పుడూ సగం తాగలేదు.

సాయంత్రం పాలప్పుడు మేడమ్ ఏమీ చెప్పకుండా కూర్చుంది. ఒక్కటే మార్చింది. ఇన్నాళ్లూ తల్లి కుదపడం మొదలుపెట్టగానే బొత్తాం ఒకసారి నొక్కి వదిలేసేది. ఇప్పుడు తల్లి కుదుపుతున్నంతసేపూ నొక్కి పట్టుకుంది, ఆపగానే వదిలింది. చుక్కల బదులు గీత కింద చిన్నా పెద్దా అడ్డగీతలు పడ్డాయి. బేకరీ అమ్మాయి చెయ్యి బాగున్నప్పుడు ఎక్కువసేపు, నొప్పెక్కినప్పుడు తక్కువసేపు కుదిపింది. రెండు రోజుల కాగితం బల్ల మీద పరిచి చూస్తే చిన్నపిల్లాడికైనా అర్థమయ్యేలా ఉంది. అడ్డగీత ముగిసిన చోట గుక్కలు మొదలవుతున్నాయి. అడ్డగీత సాగినంతసేపూ పైన గీత చదునుగానే ఉంది.

కుదిపితే బిడ్డ తాగడం లేదు. కుదిపి ఆపితే తాగుతోంది.

మేడమ్ ఆ కాగితం చుట్టచుట్టి బీరువాలో పెట్టి, గోడ దగ్గరికి వెళ్లి తన రెండు వాక్యాలూ చదువుకుంది. మొదటి వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకి తెలుసు. అరవై ఇద్దరు తల్లుల దగ్గర నుంచి వచ్చింది. రెండోది ఎక్కడి నుంచి వచ్చింది? కుదపడం ఎప్పుడు ఆగిందో తన యంత్రం ఏనాడూ రాయలేదు. కుదిపితే మంచిదైతే, ఎక్కువ కుదిపితే ఇంకా మంచిదని అనుకుంది. అనుకున్నది కొలిచినదాని పక్కన పెట్టి, ఒకే సైజు అక్షరాల్లో అచ్చు వేయించింది.

ఆ వార్డులో ముప్ఫై ఏళ్లుగా ఉన్న పెద్ద సిస్టర్ పాలసీసాలు మరగబెట్టే గదిలో ఉంటే మేడమ్ అక్కడికి వెళ్లింది.

"సిస్టర్, ఒక మాట అడుగుతాను. గోడ మీద కాగితం గురించి."

"అడగండి."

"కొత్త తల్లులకి మీరే కదా చదివి చెప్పేది."

పెద్ద సిస్టర్ పట్టకారుతో సీసా ఒకటి తీసి బోర్లించింది. "మొదటి వాక్యం చెబుతాను" అంది.

"రెండోది?"

"రెండోది చెప్పను."

"ఎప్పటి నుంచి?" అంది మేడమ్.

"అతికించిన రోజు నుంచి. బిడ్డ ఆగింది ఊపిరి తీసుకోడానికో, మనల్ని చూడటానికో. ఒకసారి పలకరించి ఊరుకోవాలి. పలకరిస్తూనే ఉంటే ఎవరు మాత్రం జవాబు చెబుతారు? అవతలి వాళ్లకి సందివ్వాలిగా."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు." ఇంకో సీసా తీసింది. తర్వాత కొంచెం మెత్తగా, "మీ దగ్గర గీతలున్నాయి మేడమ్. నా దగ్గర చేతులున్నాయి. మీటింగులో చేతులు పైకెత్తి చూపిస్తే ఎవరు రాసుకుంటారు?" అంది. "కాకపోతే నా డ్యూటీ ఎనిమిది గంటలే. మిగతా పదహారు గంటలూ వాళ్లు కాగితం చూసి చేస్తారు. అది నా తప్పు. నోరు విప్పాల్సింది."

"మీది కాదు" అంది మేడమ్.

ఆ మాట అనడం తేలికే. దాని తర్వాత రావాల్సిన మాట ఇంకా ఎవరి దగ్గరా అనలేదు.

పాత రోజుల్లో గీతలతో పాటు వీడియో కూడా తీసేది. ఆ క్యాసెట్లు అట్టపెట్టెల్లో స్టోరు గదిలో ఉన్నాయి. అరవై రెండింటిలో ఇరవై ఒకటి బూజు పట్టి పోయాయి. మిగిలిన నలభై ఒకటి ఆమె రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే ఒక్కొక్కటే పెట్టుకుని, స్టాప్‌వాచీ పట్టుకుని చూసింది. ఆరు వారాలు పట్టింది. తెర మీద పదేళ్ల కిందటి తల్లులు, పదేళ్ల కిందటి జడలు. కొన్నిట్లో తెర అంచున తన చెయ్యే కనబడేది, బొత్తాం మీద వేలు. ఆ వేలు నొక్కి వెంటనే లేచిపోయేది. తర్వాత ఏం జరుగుతోందో చూసే తీరిక దానికి లేదు.

ఆ తల్లులకి ఎవరూ ఏమీ నేర్పలేదు. అప్పటికింకా గోడ మీద కాగితం లేదు. వాళ్లు రెండు మూడు సెకన్లు కుదిపి ఊరుకున్నారు. ఊరుకున్న వెంటనే పిల్లలు అందుకున్నారు. బిడ్డ పుట్టిన రెండో వారంలో మళ్లీ వచ్చిన తల్లులు ఇంకా తక్కువ కుదిపారు, తల్లీబిడ్డా ఒకళ్లకొకళ్లు అలవాటు పడ్డట్టు. కొందరు మాత్రం ఆదుర్దాగా కుదుపుతూనే పోయారు. వాళ్ల పిల్లల విరామాలే అన్నిటికంటే పొడుగు. అన్నీ ఆ క్యాసెట్లలోనే ఉన్నాయి. ఆమే తీసింది. చూడలేదంతే.

ఈలోగా బేకరీ అమ్మాయి పాప, నోటితో తాగడం మొదలుపెట్టిన పదకొండో రోజుకి, సీసా మొత్తం ఖాళీ చేసింది. ముక్కులో గొట్టం తీసేశారు. మణికట్టు వాపు తగ్గాక కూడా తల్లి పాత పద్ధతికి పోలేదు. "పిండిని కూడా మధ్యలో వదిలెయ్యాలి మేడమ్. పిసుకుతూనే ఉంటే అదీ మొండికేస్తుంది" అంది. మేడమ్‌కి ఆ మాట నచ్చింది. రిపోర్టులో రాయడానికి వీల్లేదని కొంచెం బాధ కూడా పడింది. ఇంటికి వెళ్లే రోజు తూకం వేస్తే పాప మూడు రొట్టెలకి దగ్గరైంది.

లెక్కలన్నీ తేలాక మేడమ్ పెద్ద డాక్టరు గదికి వెళ్లింది. ఆయన కాగితాలు రెండుసార్లు తిరగేశాడు. చెడ్డవాడు కాదు. పని తొందరగా ముగించుకునే మనిషి.

"అయితే ఒక పని చేద్దాం. గోడ మీద ఆ కాగితం తీసేసి కొత్తది పెడదాం. 'కాసేపు కుదిపి ఆపండి' అని. సరిపోతుంది" అన్నాడు.

"పాతది తప్పని కూడా చెప్పాలి సార్."

"ఎవరికి?"

"పత్రికకి. కాగితం పట్టుకెళ్లిన ఆసుపత్రులకి."

"మీరు అచ్చు వేసిన పరిశోధన తప్పు కాదు కదా. కుదిపితే మొదలుపెడతారన్నారు, మొదలుపెడుతున్నారు. రెండో వాక్యం గోడ మీద రాసిందేగా."

"పత్రికలో చివరి పేరాలో కూడా రాశాను సార్. సలహాగా."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు రాస్తే నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు. మన వార్డు పేరు కూడా వస్తుంది."

"వస్తుంది" అంది ఆమె. "ఇంకో మూడు చోట్ల ఆ కాగితం గోడకి ఉంది సార్. ఇవాళ కూడా ఎవరో ఒక అమ్మాయి దాన్ని చూస్తూ, తనకే చేతకావట్లేదనుకుంటూ ఉంటుంది."

ఆయన మళ్లీ కళ్లజోడు పెట్టుకుని, ఉత్తరం ముసాయిదా అడిగి తీసుకుని, ఒక చోట అక్షరదోషం దిద్ది, సంతకం పెట్టాడు.

ఉత్తరాలు పోయాయి. ఆసుపత్రులకి ఫోన్లు కూడా చేసింది. ఒకచోట వాళ్లు ఆ కాగితం ఎప్పుడో చిరిగిపోయిందన్నారు. ఇంకోచోట సిస్టర్ ఒకావిడ, "తీసేస్తాం మేడమ్, దానికింత చెప్పాలా" అంది. అంతా అనుకున్నదానికంటే సులువుగా జరిగిపోయింది. కానీ చెప్పాల్సిన మనిషి ఇంకొకరు మిగిలిపోయారు.

ఆ మనిషి ఆమె అక్క.

తొమ్మిదేళ్ల కిందట అక్కకి కొడుకు పుట్టాడు. కొంచెం బరువు తక్కువ. రొమ్ము పట్టుకుని నాలుగు గుక్కలు తాగి ఆగిపోయేవాడు. అక్క చెల్లెల్ని పిలిపించుకుంది. ఇంట్లో చదువుకున్న డాక్టరమ్మ ఉండగా వేరే వాళ్లని అడగడమెందుకంది. చెల్లెలు వారం రోజులు అక్క పక్కన కూర్చుని చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆగితే కుదుపు. మొదలుపెట్టేదాకా ఆపకు. అక్క ఆపలేదు. వాడు ఏడ్చేవాడు, మొహం తిప్పేవాడు, వెన్ను విల్లులా వంచేవాడు. మూడు వారాలకి అక్క డబ్బాపాలకి మారిపోయింది. అక్క అత్తగారు ఒకరోజు వచ్చినవాళ్ల ముందే, "అక్షరం ముక్క రాని వాళ్లం ఆరుగుర్ని పెంచాం. ఈవిడకి చెల్లెలొచ్చి పాఠం చెప్పినా రాలేదు" అంది. అక్క ఆ తర్వాత ఎప్పుడు ఏ విషయమొచ్చినా, "నాకవన్నీ చేతకావులే, పాలు పట్టడమే చేతకాలేదు" అనడం అలవాటు చేసుకుంది. నవ్వుతూనే అనేది.

అక్కకి సొంత కుట్టుషాపు ఉంది. ఆదివారం పొద్దున షాపు మూసి, లోపల ఒక్కతే కూర్చుని వారంలో మిగిలిపోయిన కాజాలు కుడుతుంది. మేడమ్ ఆ వేళకి వెళ్లింది. స్టూలు మీదున్న బట్టలు పక్కకి జరిపి కూర్చుంది.

"ఏంటే పొద్దున్నే? ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?" అంది అక్క, సూది మీద నుంచి కళ్లెత్తకుండా.

"బాగున్నారు. నీతో ఒకటి చెప్పాలక్కా."

"చెప్పు."

మామూలుగా, ఒక నర్సుకి డ్యూటీ అప్పగించినట్టు చెప్పింది. బొత్తాం సంగతి చెప్పింది. బేకరీ అమ్మాయి మణికట్టు సంగతి, నలభై ఒక్క క్యాసెట్ల సంగతి చెప్పింది. "నీకు నేను చెప్పింది తప్పక్కా. కుదిపి ఆపాలి. ఆపితేనే వాళ్లు తాగుతారు. ఆపొద్దని నీకు వారం రోజులు నేనే చెప్పాను."

అక్క సూది బట్టలో దించి అలాగే ఉంచింది.

"అంటే, ఆపి ఉంటే వాడు తాగేవాడా?"

ఔనంటే ఒక రకంగా సుఖం. కాదంటే ఇంకో రకంగా సుఖం. మేడమ్ రెండూ అనలేదు. "తెలీదక్కా. వాడు బరువు తక్కువ పుట్టాడు, నీకు జ్వరం కూడా వచ్చింది. వేరే కారణాలుండొచ్చు. వాడి గీతలు నేను తియ్యలేదు, కాబట్టి ఇదని చెప్పలేను. కానీ నీకు చేతకాక కాదు. నువ్వు నేను చెప్పింది చెప్పినట్టు చేశావు. నేను చెప్పిందే సరి కాదు."

అక్క చాలాసేపు మాట్లాడలేదు. చెల్లెలికి ఇంకేదో చెప్పి ఆ నిశ్శబ్దాన్ని పూడ్చాలని నాలుక చివరి దాకా వచ్చింది. బలవంతాన ఊరుకుంది.

"మొదట్లో నేను ఆపేదాన్నే" అంది అక్క చివరికి. "నువ్వు రాకముందు. రెండు రోజులు. కొంచెం ఊపి ఊరుకునేదాన్ని. తాగేవాడు కూడా, కొంచెం కొంచెం. నువ్వొచ్చి కాదన్నాక, నాకేం తెలుసులే అనుకున్నాను."

మేడమ్ తల వంచుకుంది. ఈ సంగతి ఆమెకి తెలియదు. ఆ వారం రోజుల్లో అంతకుముందు నువ్వేం చేసేదానివని అక్కని ఒక్కసారైనా అడగలేదు.

"కోపమొచ్చిందా?"

"వచ్చింది" అంది అక్క. "రాదా మరి? తొమ్మిదేళ్లు మా అత్తగారితో పడ్డాను." సూది బయటికి లాగింది. "అయినా నీ మీద ఎంతుందో, నా మీద ఎంతుందో ఇప్పుడే చెప్పలేను. ఉండనీ. టీ తాగుతావా?"

"తాగుతాను."

"నువ్వే పెట్టు. నేను కాజా మధ్యలో ఉన్నాను."

ఆమె లోపలికి వెళ్లి టీ పెట్టింది. తాగుతూ ఇద్దరూ వేరే సంగతులు మాట్లాడుకున్నారు. వెళ్లబోతుంటే అక్క గడప దగ్గర ఆపింది. "ఆ ముసలావిడకి నువ్వొచ్చి చెబుతావా?"

"ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను."

"వద్దులే. నేనే చెప్పుకుంటాను. నా నోటితో చెబితేనే నాకు బాగుంటుంది."

రెండు వారాల దాకా అక్క ఫోన్ చెయ్యలేదు. మేడమ్ కూడా చెయ్యలేదు. చేద్దామని ఫోన్ తీసి మళ్లీ పెట్టేసేది. మూడో వారం మంగళవారం పదకొండు గంటలప్పుడు వార్డు తలుపు దగ్గర అక్క నిలబడి ఉంది. చేతిలో గొడుగు, భుజానికి కుట్టుపని సంచి.

"ఆ గీతలు నాకు చూపిస్తావా? చూడొచ్చా?" అంది.

మేడమ్ లోపల పాలు పట్టడానికి సిద్ధంగా ఉన్న తల్లిని అడిగింది. ఆవిడ రోడ్డు మీద పళ్లబండి పెట్టుకునే మనిషి. నాలుగో కాన్పు. "రమ్మనండి, చూస్తే తరిగిపోతుందా" అంది. పెద్ద సిస్టర్ అక్కకి గౌను తొడిగి, చేతులు కడిగించి, స్టూలు వేసింది. వచ్చిందెవరో తనకి తెలుసనుకుంటా, ఏమీ అడగలేదు.

మగపిల్లాడు. మూడు రోజులవాడు. నోట్లో పీక పెట్టగానే ముల్లు ఎగిరెగిరి పడింది. అక్క ఒంగి కాగితం చూసింది. "ఇదేనా? ఒక్కో గుక్కా ఇదేనా?"

"ఆ. ఒక్కో శిఖరం ఒక్కో గుక్క."

"కుట్టు వేసినట్టుంది."

తొమ్మిది గుక్కలయ్యాక పిల్లాడు ఆగాడు. గీత చదునైంది. పళ్లబండి ఆవిడ పక్కకి తిరిగి పెద్ద సిస్టర్‌తో వానల గురించి ఏదో చెబుతోంది. మాటల్లో ఉండగానే ఆమె మోచెయ్యి ఒకసారి కదిలింది, అంతే. తను కుదిపానని కూడా ఆమెకి తెలియదు. మేడమ్ బొత్తాం నొక్కి వదిలింది. అక్క రెండు చేతులూ ఒళ్లో బిగించి పట్టుకుని పిల్లాడి నోటి వైపే చూస్తోంది.

ముల్లు లేచింది.

అక్క వీపు నిటారుగా అయింది. సీసా అయిపోయేదాకా, ముప్ఫై నిమిషాలు, అక్కడే కూర్చుంది. పిల్లాడు ఆగినప్పుడల్లా ఆమె వేళ్లు కొంచెం కదిలి నిలిచిపోయేవి. అది చెల్లెలు చూసింది, చూడనట్టు కాగితం వైపు తిరిగింది.

అంతా అయ్యాక అక్క గౌను విప్పి మడతపెట్టింది. దాని జేబు ఒక పక్క ఊడి ఉందని చూసి, పెద్ద సిస్టర్‌తో, "ఇలాంటివి ఎన్నున్నాయండీ? ఒకరోజు తెచ్చిపెడితే కుట్టిస్తాను" అంది.

"చాలా ఉన్నాయమ్మా. వార్డు మొత్తం ఇంతే" అంది పెద్ద సిస్టర్.

బస్‌స్టాపు దాకా చెల్లెలు తోడు వెళ్లింది. వాన వెలిసింది. బస్సు దూరంగా మలుపు తిరుగుతుంటే అక్క సంచి సర్దుకుంటూ అంది, "వాడికి కూడా చెప్పాను. నువ్వు పుట్టినప్పుడు పిన్నీ నేనూ కలిసి నిన్ను ఒకటే ఊపేశాంరా అని."

"ఏమన్నాడు?"

"అందుకేనా నాకు బస్సెక్కితే వాంతులొస్తాయి అన్నాడు."

మేడమ్ నవ్వింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్క అది చూసి ఆమె భుజం మీద చెయ్యి వేసి, బస్సు ఆగేదాకా అలాగే ఉంచింది.